టైమౌట్‌లో ఏమన్నావు?

త్రినాథ్‌కు, సత్తెనపల్లి నుంచి మీ డ్రిల్లు మాస్టారి ఆశీస్సులు.

నిన్న మీ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఫైనల్ గెలవడం టీవీలో చూశాను. కిందటేడు అట్టడుగున నిలిచిందీ ఈ కుర్రాళ్లే. ఒక్కరూ మారలేదు, కోచ్‌గా నువ్వు వచ్చావంతే. పది పాయింట్లు వెనకబడ్డప్పుడు టైమౌట్ తీసుకుని, ఆ పొట్టి కుర్రాడి భుజమ్మీద చెయ్యేసి ఏదో అన్నావు. వాడు తలూపి వెళ్లి ఆట తిప్పేశాడు. ఏమన్నావురా? జనం హోరులో ఒక్క ముక్కా తెలియలేదు.

నా టైమౌట్లు నీకు గుర్తుండే ఉంటాయి. విజిల్ తాడుతో వీపులు వాయించడమే. పదకొండేళ్లలో మన స్కూలుకు ఒక్క కప్పూ రాలేదు. హెడ్మాస్టరు గారు అడిగితే, మీరంతా వరసలో నిలబడి ఉండగానే, "ఈ పిల్లల్లో సరుకు లేదండీ" అనేవాణ్ణి.

ఆ మాట నీకు వినపడే ఉంటుంది. నీ మాటే నాకు వినపడలేదు. రాసి పంపు.