గువ్వలబోడు ఎత్తు

జనవరి 23, మంగళవారం

నరసరావుపేటలో సోషల్ టీచర్లకి ట్రైనింగ్. టోపో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుందట. అందరూ వాళ్ల స్కూలు వెతుక్కున్నారు. నేను చిన్నప్పటి మా గుట్ట, గువ్వలబోడు, వెతికాను. కారంపూడి అవతల, ఎత్తు చూపే గీతలు ఒకదానిలో ఒకటి నాలుగు రింగులు, మధ్యలో కొస ఎత్తు 204 మీటర్లు. నాన్న ఆ కొసనే కూర్చుని రాళ్లు కొట్టేవాడు. అన్నా నేనూ క్యారేజీ మోసుకుని ఎక్కేవాళ్లం. నాన్న పోయాక, ఇరవై ఏళ్లుగా, అటు వెళ్లనే లేదు.

జనవరి 28, ఆదివారం

హబీబుల్లా అన్నకి చెప్పాను. సున్నం బట్టీలో అన్న కళ్లు పోయి ఆరేళ్లు. స్క్రీన్ మీద వేలు పెట్టిస్తే, ఏముందే ఇందులో, నున్నగా ఉంది, అని నవ్వాడు. అట్ట మీద ఆ రింగులు గీసి, వాటి వెంబడి ఫెవికాల్‌తో పురికొస అంటించి ఇచ్చి, మధ్యలో కొస 204 మీటర్లని చెప్పాను. వేళ్లు చాలాసేపు తిరిగాయి. గీతలు బాగా దగ్గరైన చోట ఆగాయి. నిలువెక్కుడు ఇదేగా, నువ్వు మజ్జిగ ఒలకబోసింది ఈడనే, అన్నాడు.

కరెక్టే.

వచ్చే ఆదివారం నన్ను తీసకపో అన్నాడు.

ఫిబ్రవరి 3, శనివారం

దారి చూసుకుందామని స్కూలవగానే స్కూటీ మీద వెళ్లాను. ఫోన్‌లో నీలం చుక్క ఒక్కో రింగూ ఎక్కుతోంది. స్కూటీ మాత్రం చదును నేల మీదే పోతోంది. మూడో రింగు దగ్గర దారి ఆగిపోయింది. ఎదురుగా పెద్ద గుంట, అడుగున పచ్చటి నీళ్లు. బోడు లేదు.

మ్యాప్ పాత సర్వేది. మేకలు కాసుకుంటున్న బెంజిమిన్ అనే పెద్దాయన చెప్పాడు. మిషన్లు పెట్టి మూడేళ్లలో లేపేశారమ్మా, కంకర అయిపోయింది, వాళ్లూ పోయారు.

తిరిగొస్తూ అన్నావాళ్లింట్లో ఆగాను. అన్న నమాజుకి వెళ్లాడు. బోడు పోయిందని అబిదా వదినకి ముందే తెలుసట. నా చేతులు పట్టుకుంది. చెప్పబాక సబీహా, కళ్లున్నప్పుడు చూసినయ్యే ఆయనకి మిగిలింది, పక్కన ఇంకో గుట్ట ఉందిగా, అది ఎక్కించు, అంది.

సరేనన్నాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

పక్క గుట్ట సగం ఎక్కాక అన్న ఆగాడు. చెప్పు విడిచి నేల తడిమాడు. ఏమే, ఇది మన బోడు కాదు, పలకరాయేదీ? అన్నాడు. వదిన చెప్పొద్దన్న మాటతో సహా అంతా చెప్పేశాను. ఆడికే తీసకపో అన్నాడు.

గుంట అంచున చెయ్యి పట్టుకుని నిలబెట్టాను. రాయి విసిరి, నీళ్ల చప్పుడుకి చెవొగ్గాడు. చానా లోతే అన్నాడు. ఈ బోడు మీద ముందు దెబ్బ మన నాన్నదేగా, ఆ అన్నమేగా మనం తిన్నది, అన్నాడు. నేను ఏడుస్తున్నానని ఎలా తెలిసిందో, భుజం మీద చెయ్యేశాడు.

నిలబడ్డ చోటు ఎత్తెంతని అడిగాడు. ఫోన్ చూసి 122 అన్నాను. 204లో 122 పోతే ఎనభై రెండు, అని అన్న వేళ్లతో లెక్కేసుకుని తల పైకెత్తాడు. అయితే నాన్న కూర్చునే చోటు ఆడ, అని గుంట పైన ఆకాశంలోకి చెయ్యి చూపించాడు.

నేనూ చూశాను. చాలాసేపు ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం.

ఫిబ్రవరి 5, సోమవారం

వదిన ఫోన్ చేసింది. బోడు ఎక్కాం, పైన గాలి ఎంత బాగుందో అని అన్న ఇంటికెళ్లి చెప్పాడట. ఆయనకి తెలవనే లేదు సబీహా, నీ మేలు మరిచిపోను, అంది.

అవును వదినా, గాలి బాగుంది, అన్నాను.