పక్కింటివాడి పాసు మీద డ్యూటీ

గోదావరిఖని

అన్నకు చెల్లె మల్లవ్వ దండం పెట్టి రాస్తున్నది. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? వదిన మంచిగుందా? నేను తింటున్నాను, ఉంటున్నాను. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం గనిలో బాంబులు పేలిస్తే ఇంటి రేకులు అదురుతాయి, అన్నంలో దుమ్ము పడుతుంది. ఊరు విడిచి నాలుగేళ్ళయినా ఆ చప్పుడుకు ఉలిక్కిపడుతూనే ఉన్నాను. కొడుకు మహేశ్ ఉన్నప్పుడు నన్ను చూసి నవ్వేవాడు.

వాడు ఎట్లా పోయాడో, నువ్వు దినాలకు వచ్చినప్పుడు నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఓపెన్‌కాస్టు గనిలో వాడిది కాంట్రాక్టు పని కదా. బూట్లు ఇవ్వాలని, వారానికి ఒక సెలవు కావాలని తోటివాళ్ళతో సంతకాలు పెట్టించాడు, యూనియన్ కడదామన్నాడు. కాంట్రాక్టరు వాడి ఒక్కడి పేరే తీసేశాడు. రెండు నెలలు ఖాళీగా ఉన్నాడు. పక్కింటి రాజుకు జ్వరం వస్తే, అతని గేటు పాసు మెడలో వేసుకుని అతని బదులు డ్యూటీకి పోయాడు. ఇక్కడ చాలామంది అట్లాగే పోతారు. ఆ రోజే డంపరు లారీ వెనక్కి వచ్చి వాడిని గుద్దింది. హాజరు పుస్తకంలో రాజు పేరుంది, నా కొడుకు పేరు లేదు. ఎవరో బయటివాడు లోపలికి చొరబడ్డాడని రాసుకున్నారు.

పర్మినెంటు కార్మికుడు పోతే ఇక్కడ షిఫ్టు ఆపుతారు, జెండా కప్పి సాగనంపుతారు. మహేశ్‌కు ఏదీ లేదు. వాడి పేరు రాయించమని యూనియన్ ఆఫీసుకు ఏడుసార్లు పోయాను. అక్కడి లీడరు చెడ్డవాడు కాదు, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

"చెల్లె, మా కాలంల ఒక్కనికి దెబ్బ తాకితే గని మొత్తం బందయ్యేది. ఇప్పుడు సగం పని కాంట్రాక్టోళ్ళదే. వాళ్ళు మా మాట ఇంటరా? ఆ రాజును వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పుమను, నేను కొట్లాడుత."

"నా కొడుకు యూనియన్ కడదామన్ననాడు మీరంత యాడున్నరు సారూ?" అన్నాను. ఆయన ఇంకో చాయ్ చెప్పాడు.

నిన్న రాజే వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. వాడి భార్యకు ఎనిమిదో నెల.

"అవ్వా, నువ్వు చెప్పుమంటే చెప్త. కాని తెల్లారే నా పాసు గుంజుకుంటరు."

"వద్దు బిడ్డా. నీ డ్యూటీకి నువ్వు పో" అన్నాను. ఎందుకట్లా అన్నానో నాకే తెలియదు. రాజు వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను. ఇక ఆ ఆఫీసుకు పోయేది లేదు.

ఒక్క పని చెయ్యి అన్నా. మన ఊళ్ళో ఎవరడిగినా నీ మేనల్లుడు డ్యూటీలో పోయాడని చెప్పు. ఇక్కడ ఆ మాట రాసేవాళ్ళు లేరు.

వదినకు, పెద్దమ్మకు నా దండాలు. నీ చెయ్యి నా నెత్తిన ఉందనుకుని పండుకుంటాను.

నీ చెల్లె
మల్లవ్వ