కాటమ్మకు ధైర్యం మూడు

జూలై 6, ఆదివారం

సూర్యాపేట నుంచి ఇప్పుడే వచ్చాను. బస్సులో మిర్యాలగూడ దాకా నిలబడే ఉన్నాను, కాళ్లు పీకుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోను.

కృపారాణి కొత్త గేమ్ మొదలుపెట్టింది. డిగ్రీ రోజుల నుంచీ దానికి ఈ పిచ్చి. ఇప్పుడు ఇంగ్లిష్ టీచర్ అయినా తగ్గలేదు. సెల్లులో ఆడేది కాదు. బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్ను, పాచికలతో ఆడేది. ఆటలో మూసీ, పాలేరు ఒకేసారి పొంగాయి. కోదాడ హైవే పక్కన పెళ్లి జరుగుతున్న ఒక ఫంక్షన్ హాల్ మేడెక్కి కొందరు మిగిలారు. ఎలాగోలా బతకాలి. అంతే కథ. ఒక్కొక్కరం ఒక్కో మనిషిని తయారు చేసుకుని, ఆ మనిషిగా మాట్లాడాలి. ఆ మనిషి చచ్చిపోతే కాగితం చించేస్తారు. మళ్లీ రావడం ఉండదు.

ఆట నడిపేది కృపారాణి. ఆడేది నేనూ, రాకేష్. మా దోస్తు రాకేష్‌ది కోదాడ, అక్కడే మెడికల్ షాపు. వాడు పది నిమిషాల్లో ఒక మాజీ కమాండోని దింపాడు. పదికి బలం తొమ్మిది, ధైర్యం పది. నాకు గంటన్నర గడిచినా ఎవరూ రాలేదు. డాక్టరు, పోలీసు, ఈతలో మెడల్ కొట్టిన అమ్మాయి, అన్నీ రాసి కొట్టేశాను. అలాంటివాళ్లు నాకెక్కడ తెలుసు? నాకు తెలిసింది రైస్ మిల్లు, అందులో నా కంప్యూటరు.

కృపారాణి విసుక్కుంది. రోజూ కనిపించే మామూలు మనిషిని ఎవరినైనా పెట్టమంది. వెంటనే కాటమ్మ అని రాసేశాను. మా మిల్లులో బస్తాలు కుట్టే ఆమె. నలభై ఎనిమిదేళ్లుంటాయి, మనిషి దిట్టం. మిల్లులో ఆమె వెక్కిరించని మనిషి లేడు. పేరు మార్చాలని కూడా నాకు తోచలేదు. పెన్నుతో రాశాను, ఇక మార్చడానికి లేదట.

బలం ఐదు. చేతిపని ఎనిమిది. బస్తాలు కుట్టుకునే మనిషికి ఎంతుంటుందిలే అనుకుని ధైర్యం మూడు వేశాను. కింద కొత్త గీత గీసి, నోరు పది అని రాశాను.

కృపారాణి దానికో రూల్ పెట్టింది. నోరు పనిచేయాలంటే జోకు నేను అక్కడే చెప్పాలి, వాళ్లిద్దరూ నిజంగా నవ్వాలి. నవ్వితే పాచిక ఇంకోసారి వేసుకోవచ్చు.

నేను ఫొటోకి నవ్వమన్నా నవ్వలేని మనిషిని. అయిపోయాను.

జూలై 8, మంగళవారం, లంచ్

జోకుల దొంగతనం మొదలుపెట్టాను. డబ్బా పట్టుకుని బస్తాల షెడ్డులోకి వెళ్లి కాటమ్మ పక్కన కూర్చున్నాను. ఆఫీసు పిల్ల ఇక్కడికెందుకొచ్చిందా అని అందరూ చూశారు.

ఇవాళ్టి సరుకు: ఒక లారీ డ్రైవర్ వచ్చి, ఈ కుట్టు కాకినాడ దాకా ఆగుతుందా అని అడిగాడు. కాటమ్మ తలెత్తలేదు, దబ్బనం ఆపలేదు. నా నోటికి కుట్టెయ్యలేక మా ఆయన ఇరవై ఏండ్ల సంది తిప్పలు వడుతుండు గని, నేను కుట్టిన బస్తా నోరు ఇప్పేటోడు ఇంకా పుట్టలె అంది. షెడ్డంతా నవ్వు. డ్రైవర్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

అతను అడగడానికీ ఆమె చెప్పడానికీ మధ్య ఒకే ఒక్క కుట్టు పడింది. నేనైతే ఆ జవాబు రాత్రి పడుకున్నాక తట్టి, లేచి కూర్చునేదాన్ని.

జూలై 13, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. ఇవాళ బల్ల దగ్గర నేను మాట్లాడలేదు. కాటమ్మ మాట్లాడింది.

ఆటలో మూడో రోజు. మేడ మీద నలుగురే మిగిలారు. కమాండో, కాటమ్మ, పెళ్లికొడుకు, పెళ్లికూతురు. తిండి అయిపోయింది. కమాండో ఏదో ప్లాన్ అని పెద్ద లెక్చర్ ఇస్తున్నాడు. నా నోట్లోంచి కాటమ్మ గొంతు వచ్చింది. పెండ్లికి పిలిచి మూడో బంతికే అన్నం లేదంటిరి, ఈ హాలుకు నేను మళ్ల రాను అన్నాను. రాకేష్‌కి చాయ్ పొలమారింది. కృపారాణి బల్ల మీద తల పెట్టి నవ్వింది.

కమాండో ఈదుకుంటూ వెళ్తానని దూకి, ఒంట్లో సగం ప్రాణం పోగొట్టుకుని వెనక్కొచ్చాడు. కాటమ్మ మాత్రం పెళ్లి డేరా గుడ్డ దింపించింది, ఖాళీ వాటర్ క్యాన్లు పోగు చేయించింది, రెండూ కలిపి కుట్టడం మొదలుపెట్టింది. తెప్ప. ఆ ఐడియా నాకు ముందు లేదు, ఒట్టు. దబ్బనం ఎక్కడ దొరికిందని కృపారాణి అడిగితే, కాటమ్మ జడలో ఎప్పుడూ ఉంటుందన్నాను. నిజంగానే ఉంటుంది. కమాండో దగ్గర కత్తి ఉంది, టార్చి ఉంది. వాడికి ఈ ఆలోచన రాలేదు.

రోజూ పక్క షెడ్డులో కూర్చునే మనిషి ఇంత పెద్దదా?

జూలై 14, సోమవారం

కాటమ్మ నవ్వినప్పుడల్లా దగ్గుతుంది. ఇన్నాళ్లూ అది నవ్వులో భాగమే అనుకున్నాను.

జూలై 19, శనివారం

కాటమ్మ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించిందట. డాక్టరు గడ్డ కావచ్చన్నాడు. క్యాన్సర్ అనే మాట ఆయన అనలేదు, ఇంట్లోవాళ్లు అడగలేదు. సూర్యాపేట పెద్ద దవాఖానలో సూదితో ముక్క తీసి హైదరాబాద్ పంపాలట.

షెడ్డులో అందరి మొహాలూ వాడిపోయాయి. ముప్పై ఏండ్లు మిల్లు దుమ్ము మింగిన, లోపల ఒక బస్తా నిండినట్టుంది, ఇగ కుట్టుడే మిగిలింది అంది కాటమ్మ. ఎవరూ నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వి, దగ్గి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లింది.

జూలై 20, ఆదివారం

ఆట మొదలవకముందే, కాగితం మీద పేరు మార్చమని కృపారాణిని బతిమాలాను. విషయం చెప్పాను. బతికున్న మనిషి పేరు, అదీ జబ్బుపడ్డ మనిషి పేరు, నా చేత్తో రాసి వరదలో పెట్టాను. కృపారాణి వాళ్ల చర్చిలో ప్రార్థన చేయిస్తానంది, పేరు మాత్రం మార్చనంది. మారిస్తే ఆమె ఒంటరిగా మునుగుతున్నప్పుడు మనం చెయ్యి వదిలేసినట్టు ఉంటుందట. రాకేష్ తన షాపు అనుభవం అంతా తీసి, మచ్చ అంటే సవాలక్ష కారణాలుంటాయండీ అన్నాడు. నన్ను "అండీ" అన్నాడంటే వాడూ భయపడ్డట్టే.

ఆడాం. నేను ఒక్క జోకూ చెప్పలేకపోయాను. పాచికలు వరసగా ఎదురుతిరిగాయి. ఆట ఆపేసరికి నీళ్లు మేడ అంచుకొచ్చాయి. తెప్ప ముగ్గురినే మోస్తుంది. ఉన్నది నలుగురు.

జూలై 23, బుధవారం

ఇవాళ పొద్దున మిల్లు ఆవరణలో కాకి కాటమ్మ నెత్తి మీద తన్నింది. అందరం చూశాం.

కాకి తంతే చావు గండమంటారు, దానికి మా వైపు చేసేది ఒకటే. చనిపోయిందని దగ్గరివాళ్లకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. తర్వాత, బతికే ఉంది అని చెప్పాలి. ఆ ఏడుపుతో గండం పోతుంది. అసలే ఆ మచ్చ ఉంది కదా, విషయం తెలిసి మిల్లు గేటు దగ్గరికొచ్చిన ఇంట్లోవాళ్లు వెంటనే చిలుకూరులో ఉన్న ఆమె అన్న ఐలన్నకి ఫోన్ చేయబోయారట. కాటమ్మ ఫోన్ లాక్కుంది. ఆయనకు మొన్ననే గుండెకు స్టెంట్ వేశారు. అబద్ధపు కబురుకు నిజం చావు అయితదని ఒప్పుకోలేదు.

ఆ తర్వాత సాయంత్రం దాకా ఆమె ఒక్క జోకు వేయలేదు. నేను తట్టుకోలేక పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆట, వరద, తెప్ప, దొంగిలించిన జోకులు, రాసిన పేరు. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె నా సెల్లులో ఆ కాగితం ఫొటో చూపించమంది. ఒక్కో అంకె చదివించుకుంది. ధైర్యం దగ్గర ఆగిపోయాను. చదువు అంది. మూడు అన్నాను.

ఆమె దబ్బనం పక్కన పెట్టి, ఆ అంకె మీద వేలు పెట్టింది.

"సరిగ్గనే రాసినవ్ బిడ్డా. ఇంట్ల ఒక్కలకు గూడ తెల్వది. నువ్వెట్ల కనిపెట్టినవ్?"

నేను కనిపెట్టలేదు. చిన్నచూపుతో వేసిన అంకె అది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఆటలో మనుషులు చస్తారా అని అడిగింది. చస్తారన్నాను. మీ దోస్తులు నిజంగ ఏడుస్తరా అంది. ఐలన్న బదులు వాళ్లను ఏడిపించాలనుకుంటోందని నాకు అర్థమైంది. అక్కా వద్దు అన్నాను. ఆమె అప్పటికే మళ్లీ కుడుతోంది. ముక్క తీసేది శనివారం, ఆదివారం తను సూర్యాపేటలోనే ఉంటుంది, టీచరమ్మ ఇల్లు దవాఖానకు ఎంత దూరమని అడిగింది.

జూలై 26, శనివారం

ముక్క తీశారు. ఫోన్ చేసింది. సూది చూసి, మా దబ్బనమే నయమని డాక్టరుకు చెప్పిందట.

జూలై 27, ఆదివారం, సాయంత్రం, బస్సులో

బస్సు కుదుపులకి అక్షరాలు వంకరపోతున్నాయి. పోనీ.

కాటమ్మ కృపారాణి ఇంటి ముందు ఆటో దిగింది. రాకేష్ తన షాపు నుంచి తెచ్చిన మాస్కు ఇచ్చాడు, కాటమ్మ గారూ అని కుర్చీ జరిపాడు. ఇన్ని మర్యాదలు చేసి సంపుతున్నరా నాయనా అంది. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నా కుర్చీలో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

కృపారాణి మొదలుపెట్టింది. నీళ్లు పాదాలు తాకాయి. తెప్పకు ముగ్గురే. రాకేష్ వెంటనే, ఊహించినట్టే, కమాండో ఉండిపోతాడని గొప్పగా ప్రకటించాడు. కాటమ్మ, కమాండో బరువెంత అని అడిగింది. డెబ్బై అన్నాడు. నేను దిగితే ఇద్దరెక్కే జాగ అయితది, నువ్వు దిగితే సంచి పెట్టుకోనీకి గూడ సాలదు, కూసో అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వారు కాబట్టి ఇంకో పాచిక వేసే హక్కుంది. వేస్తే బహుశా నలుగురూ బతుకుతారు. కృపారాణి పాచిక ఆమె ముందుకు తోసింది. కాటమ్మ దాన్ని తీసి చీర చెంగులో ముడేసుకుంది.

తర్వాత పెళ్లికూతురికి చెప్పింది, తాడు ఇట్ల పట్టు, ముడి వదులైతే పంటితో లాగు. కమాండోకి చెప్పింది, పిల్లలకు ఆకలైతే బెదిరించకు, ముచ్చట చెప్పు. అంతా మామూలు గొంతుతోనే. ఆమె తన ఇంటిని తలుచుకుని చెబుతోందని మా ముగ్గురికీ తెలిసిపోయింది. చివరికి అంది:

"నాకు నీళ్లంటే శాన భయం. జల్ది వోండ్రి. మీరు సూస్తుంటే నేను దిగలేను."

రాకేష్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కృపారాణి కథ చెప్పలేక ఆగిపోయి, పైటతో కళ్లు నొక్కుకుంది. రూల్ ప్రకారం కాగితం చించాల్సింది కృపారాణే. దాని వల్ల కాలేదు. కాటమ్మే అందుకుని, పైనుంచి కిందికి ఒక్క లాగుతో చించింది. కాసేపు వాళ్లను ఏడవనిచ్చింది. ఆ తర్వాత చెంగు విప్పి పాచిక బల్ల మీద పెట్టి, సాలు సాలు, బతికే ఉన్న, జర చాయ్ పెట్టుండ్రి అంది.

నేను మాత్రం ఆమె వెనకే, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. ధైర్యం అంటే ఇన్నాళ్లూ భయం లేకపోవడం అనుకున్నాను. మూడు చాలు. ఉన్న మూడూ ఒకేసారి ఖర్చుపెట్టే మనిషిని ఇవాళ చూశాను. ఇలాంటి మనుషులు మన పక్కనే డబ్బాలు విప్పుకుని పప్పు తింటారు, మనం జీతాల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం.

జూలై 28, సోమవారం

నేను ఏడవలేదు. నిన్న ఆశ్చర్యంతో బిగుసుకుపోయి చూస్తూ ఉండిపోయాను. ఏడవాల్సింది దగ్గరివాళ్లు. ఐలన్నను ఆమే వద్దంది. రాకేష్, కృపారాణి ఆమెను నిన్ననే మొదటిసారి చూశారు. ఆ గదిలో ఆమెకి దగ్గరిదాన్ని నేనొక్కదాన్నే.

బీకాం చదివాను, కాకి కాలికీ ఊపిరితిత్తికీ సంబంధం లేదని తెలుసు. తెలిసీ పొద్దున్నుంచి అన్నం దిగడం లేదు. బాత్రూంలో అద్దం ముందు నిలబడి ఏడవడానికి ప్రయత్నించాను. రాలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

రిపోర్టు రాలేదు. షెడ్డులో ఆమె చోట ఎవరూ కూర్చోవడం లేదు.

ఆగస్టు 5, మంగళవారం

టీబీ. క్యాన్సర్ కాదు. ఆరు నెలలు గోలీలు మింగితే పోతుంది. రిపోర్టు చదివింది నేనే.

చదివి, సూర్యాపేట దవాఖాన మెట్ల మీద, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా, కూలబడి ఏడ్చాను. ఎవరో పోయారనుకుని ఒక ముసలామె నా తల నిమిరి వెళ్లింది. కాటమ్మ నా పక్కన కూర్చుంది. నేను ఆపేదాకా, అరగంట, నన్ను ఏడవనిచ్చింది, ఒక్క జోకూ వేయలేదు.