చీటీలు మార్చిన చెయ్యి

ఆదివారం మధ్యాహ్నం

నాన్నగారికి,

మీ చిన్నమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేనూ అక్కా కులాసా. అక్క కాస్త చిక్కింది, ఆ మేరకు నేను ఒళ్ళు చేశాను, కాబట్టి మొత్తం మీద ఇంటి బరువు తగ్గలేదు. మీ బడిలో లెక్కల పేపర్లు దిద్దడం అయిందా? ఆ కట్టలు మంచం మీంచి తీయమని అమ్మ పోరుతూనే ఉండి ఉంటుంది.

మీ యూనివర్సిటీ వాళ్ళకి కోర్టు పిల్లలతో ఏం పని అని పోయినసారి అడిగారు. లెక్కల మాస్టారు కాబట్టి వివరంగానే రాస్తాను.

తప్పు చేసి దొరికిన పిల్లల్ని జడ్జిగారు ఇంటికి పంపి, అక్క పనిచేసే ఆఫీసుకు అప్పగిస్తారు. పాత పద్ధతిలో పిల్లలు వారం వారం ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి పోతారు. కొత్త పద్ధతిలో ఆఫీసరే వాళ్ళింటికి వెళ్తుంది, ఇంట్లోవాళ్ళతో కూర్చుంటుంది, బడిలోనో పనిలోనో చేర్చేదాకా వదలదు. ఏది మేలో తేల్చడానికి మా ప్రొఫెసర్ ఆఫీసర్లని చీటీలు వేయమన్నారు. ఎవరికి ఏ పద్ధతో చీటీయే చెప్పాలి, మనుషులు వేలు పెట్టకూడదు.

ఏడాది తిరిగేసరికి లెక్క తలకిందులైంది. కొత్త పద్ధతిలో ఉన్న పిల్లలే ఎక్కువమంది మళ్ళీ కోర్టు మెట్లెక్కారు. ఇక ఇళ్ళకి తిరగడం మానేయండని పై అధికారి ఉత్తర్వు రాయబోయారు. ఆఫీసర్ల మొహాలు చూడాలి మీరు, పెంచిన మొక్కని పీకేయమన్నట్టు!

నేను కూర్చున్నచోట కూర్చోలేని దాన్నని మీకు తెలుసుగా. పిల్లల వివరాలన్నీ మళ్ళీ తిరగేశాను. అమ్మానాన్నలు లేనివాళ్ళు, రెండోసారి దొరికినవాళ్ళు దాదాపు అందరూ కొత్త పద్ధతిలోనే ఉన్నారు. చీటీకి అంత జాలి ఎక్కణ్ణుంచి వస్తుంది నాన్నా?

మొన్న కోర్టు వెనక గదిలో రెండు పక్షాలూ కూర్చున్నాం. మా యూనివర్సిటీ వాళ్ళు కిటికీ వైపు, ఆఫీసర్లు తలుపు వైపు, మధ్యన ఎవరూ ముట్టుకోని టీ కప్పులు. నేనీ మాట బయటపెట్టగానే ఆఫీసర్ల పెద్దాయన (చాటున ఆయన్ని గంటస్తంభం అంటాం) మమ్మల్ని దొంగలంటున్నావా అమ్మాయ్ అని లేచారు. అప్పుడు ఆ వరసలోంచి ఒక ఆఫీసరు నిలబడింది. చీటీలు మార్చింది నేను సార్, మిగతావాళ్ళనేం అనకండి అంది. ఇంట్లో పలకరించే దిక్కులేని పిల్లకి సంతకం చీటీ వచ్చింది, చూస్తూ ఊరుకోవడానికి ప్రాణం ఒప్పక మార్చేశాను, ఆ తర్వాత ఇంకొకరికి, ఇంకొకరికి అంది.

మా ప్రొఫెసర్ ఎర్రబడిపోయారు. మీ జాలే ఈ పద్ధతి పీక నొక్కిందమ్మా, కష్టమైన కేసులన్నీ ఒకవైపే నింపితే అది పనికిరానిదిగానే కనపడుతుంది అన్నారు. ఆమెకు ఆ సంగతి తట్టనేలేదు, మొహం తెల్లబోయింది. కానీ కూర్చోలేదు. మరి ఆ పిల్లని చీటీకి వదిలేసేదా సార్, మీరైతే వదుల్తారా అనడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, వదలను, కానీ ముందే వచ్చి నాతో దెబ్బలాడి ఉండాల్సింది అన్నారు. అందరికన్నా ముందు నవ్వింది గంటస్తంభం గారే.

అక్కడే కొత్త ఒప్పందం రాసుకున్నాం. దిక్కులేని పిల్లలకు చీటీ లేదు, ఆఫీసర్లే నేరుగా వాళ్ళింటికి వెళ్తారు, ఆ పిల్లల్ని పోలికలో కలపం. మిగిలినవాళ్ళకే చీటీ. అదీ మావాళ్ళొకరు తీయాలి, వాళ్ళవాళ్ళొకరు విప్పాలి. పై అధికారి ఇంకో ఏడాది గడువిచ్చారు. నా చదువు ఒక మనిషి గడప దాకా వెళ్ళడం ఇదే మొదలు. గర్వంగా ఉందని రాయడానికి సిగ్గెందుకు, ఉంది!

అమ్మకి చదివి వినిపించండి.

మీ
చిన్నమ్మాయి

తా.క.: ఆ ఆఫీసరు అక్కే. మెమో ఇచ్చారు గానీ ఉద్యోగం పోలేదు. లెక్క చెడగొట్టానని తెలిస్తే నాన్న నా మొహం చూడరని, మీకు రాయనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. తిట్టేదుంటే ఫోన్ చేసి తిట్టండి. ఆ తర్వాత మాత్రం, ఆ పిల్ల ఎలా ఉందే అని అడగండి. బడికి వెళ్తోంది. ఆ మాట చెప్పేటప్పుడు అక్క గొంతు ఎలా ఉంటుందో మీరు వినాలి.