పిమ్ పుట్టినరోజు

అక్టోబరు 3, మంగళవారం

పక్కింటి హార్మెన్ కుక్క పిమ్ చెవి బాగాలేదు. నేను చూడలేదు. అంటే, చూశాను. చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్తే వాళ్ళ ముందుగది కిటికీ దారిలోనే ఉంటుంది. కళ్ళు మూసుకుని నడవలేను కదా.

మా వీధిలో ఎవ్వరూ కర్టెన్లు వెయ్యరు. వేస్తే ఏదో దాస్తున్నారని అర్థం. వెయ్యని కిటికీలోకి ఎవ్వరూ చూడరు. చూస్తే మర్యాద తెలియదని అర్థం. ఈ రెండింటి మధ్య నా అరవై తొమ్మిదేళ్ళూ గడిచిపోయాయి.

పిమ్ తల ఒక పక్కకు వాల్చి ఎడమ చెవి గోక్కుంటున్నాడు. ఆగాడు. మళ్ళీ గోక్కున్నాడు. నేను నాలుగు నిమిషాలే చూశాను.

అక్టోబరు 5, గురువారం

చెవి లోపల నల్లగా ఉంది, అంచున రక్తం. ఒంటి మీద బొచ్చంతా ఉండలు కట్టింది. హార్మెన్ భార్య రెన్‌స్కా ఉన్నప్పుడు వారం వారం దువ్వేది. ఆవిడ మార్చిలో పోయింది. హార్మెన్ టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. టీవీ ఆన్ చెయ్యలేదు.

చెప్పాలి. ఎలా? పిమ్‌ని వీధిలోకి తీసుకొస్తే అక్కడ చూశానని చెప్పొచ్చు. ఆయనేమో వెనక పెరట్లోకే వదులుతున్నాడు. పొరుగాయనా, మీ కుక్క చెవి కుళ్ళుతోంది అంటే, నీకెలా తెలుసు పొరుగమ్మా అంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పొరుగాయనా, పొరుగమ్మా అని పిలుచుకుంటూ పరువుగా బతికాం. ఇప్పుడు తొంగిచూసే మనిషినని పేరు తెచ్చుకోవాలా?

మేడ మీద చలిగా ఉంది. ఇవాళ కూడా కింద సోఫాలోనే పడుకుంటాను.

అక్టోబరు 8, ఆదివారం

ఎదురింటి రోలినా కాఫీకి వచ్చింది. ఎవరిదో చెప్పకుండా ఒక కుక్క మాట ఎత్తాను. ఏ కుక్కే, ఆ చెవి కారుతున్న కుక్కా అంది. దీనికీ తెలుసు! నేనేం చూళ్ళేదమ్మా, అద్దాలు తుడుస్తుంటే కంట పడింది అంది. మధ్యలో రోడ్డు, సైకిళ్ళ దారి, రెండు చెట్లు. ఎంత తుడిస్తే అంత కనబడాలి?

అయితే వెళ్ళి నువ్వే చెప్పవే అన్నాను. పిల్లి మెడలో గంట కట్టడానికి నేనే దొరికానా, పక్కింటిదానివి నువ్వుండగా అంది. బిస్కెట్ ఒక్కటే ఇచ్చి డబ్బా మూత పెట్టేశాను. మామూలుగానూ ఒక్కటే ఇస్తాం, కానీ ఇవాళ మూత గట్టిగా పెట్టాను.

వెళ్తూ వెళ్తూ, ఏమే ఫెన్నా, కుంటుతున్నావేం అంది. చెప్పు కరిచింది అన్నాను.

అక్టోబరు 11, బుధవారం

కుక్కల చెవి జబ్బుల మీద పశువుల డాక్టరు కరపత్రం ఒకటి సంపాదించి, పొద్దున్నే హార్మెన్ తలుపు సందులోంచి లోపలికి వేశాను. పావుగంటలో అదే కాగితం నా తలుపు సందులోంచి నా ఇంట్లో పడింది. మీద పెన్నుతో రాశాడు. ప్రకటనలు వద్దని నా తలుపు మీద స్టిక్కర్ ఉంది, కళ్ళజోడు మార్చుకో పొరుగమ్మా, అట.

నేనే వేశానని ఎలా తెలిసింది? కిటికీలోంచి చూసి ఉంటాడు. సిగ్గు లేకపోతే సరి.

అక్టోబరు 12, గురువారం

గిన్నెలో నిన్నటి తిండి అలాగే ఉంది. పిమ్ లేవడం లేదు.

అక్టోబరు 13, శుక్రవారం, ఉదయం

టాయిలెట్లో తట్టింది. అందరిళ్ళలో లాగే మా గోడకీ పుట్టినరోజుల క్యాలెండర్ ఉంది. పిలవకుండా ఒకరి తలుపు తట్టగలిగేది పుట్టినరోజు నాడే. హార్మెన్‌ది ఫిబ్రవరిలో. అప్పటిదాకా పిమ్ ఉండడు. (లేవడానికి సింకు పట్టుకోవాల్సి వచ్చింది. నేల జారుడు.)

పదకొండు గంటలు

వెళ్ళి బెల్లు కొట్టాను. శుభాకాంక్షలు పొరుగాయనా అన్నాను. దేనికీ అన్నాడు. ఇవాళ మీ పిమ్ పుట్టినరోజు కదా, రెన్‌స్కా చెబుతుండేది అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది జిగురు లేకుండానే అతుక్కుంది. హార్మెన్ ముఖం ఎర్రబడింది. అయ్యో, ఇంట్లో కేకు కూడా లేదు పొరుగమ్మా, ఏమీ అనుకోకు, సాయంత్రం ఏడున్నరకి రా అని తలుపు వేసేశాడు. నాకు కుక్క కనబడనే లేదు.

నాలుగు గంటలు

రోలినా ఫోను. వీధి వీధంతటినీ పిలిచాడట. కుక్కకి ఏం కొనాలే అని నన్ను పీక్కుతింటోంది.

అక్టోబరు 14, శనివారం

నిన్నటి సంగతి రాయాలి.

కుర్చీలు గుండ్రంగా వేశాడు. పదకొండు మందిమి కూర్చున్నాం, మధ్యలో పిమ్. వచ్చినవాళ్ళంతా హార్మెన్ చెయ్యి పట్టుకుని ఊపి, నీ కుక్క పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు అన్నారు. పక్కింటిదాన్ని కాబట్టి నాకూ చెప్పారు. తలా ఒక ముక్క కేకు. పిమ్ తల వాల్చి, చెవి గోక్కుని, కుయ్యిమన్నాడు. గదంతా వాసన. అందరం కేకు వంకే చూస్తున్నాం. కేకు బాగుందన్నారు. వానలు ఎక్కువయ్యాయన్నారు.

రోలినా టాయిలెట్‌కి వెళ్ళొచ్చింది. హార్మెన్, మీ క్యాలెండర్ ఇంకా మార్చిలోనే ఉందయ్యా, అక్టోబరుకి తిప్పుదామని పేజీలు తీస్తే పిమ్ పేరు జూన్ ఇరవైలో ఉందేంటి, రెన్‌స్కా చేతిరాతే అంది.

తెలుసు, పొద్దున పొరుగమ్మ వెళ్ళగానే చూశాను అన్నాడు హార్మెన్.

ఇంక ఆగలేకపోయాను. చూశానయ్యా, పదకొండు రోజులుగా రోజూ మీ కిటికీలోంచి చూస్తున్నాను, ఆ చెవి కుళ్ళిపోతోంది, డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళవు అని అరిచాను. రోలినా పళ్ళెం పక్కన పెట్టి, నేనూ చూశాను అంది. మేమూ అన్నారు చివరింటి దంపతులు. వాళ్ళింటి నుంచి ఇది ఎలా కనబడుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

హార్మెన్ కుక్క తల మీద చెయ్యి వేశాడు. ఒట్టి దగ్గే కదా అని రెన్‌స్కాని తీసుకెళ్ళాను పొరుగమ్మా, ఒక్కణ్ణే తిరిగొచ్చాను, వీణ్ణి తీసుకెళ్దామంటే కాళ్ళు రావడం లేదు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంతమందిలో ఏడ్చాను.

ముక్కు తుడుచుకుని అడిగాను, నాది అబద్ధమని తెలిసీ ఎందుకు పిలిచావని. నిన్ను ఇంటికి రప్పించే దారి నాకూ దొరకలేదు అన్నాడు. రోజూ రొట్టె కోసం నీ కిటికీ ముందు నుంచే పోతాను పొరుగమ్మా. మూడు వారాలుగా సోఫా మీద దుప్పటి ఉంటోంది. మేడ మీదికి ఒక్కో మెట్టు మీదా కూర్చుని, వెనక్కి జరుగుతూ ఎక్కుతున్నావు. నువ్వెందుకు వెళ్ళవు డాక్టరు దగ్గరికి అన్నాడు.

మిగతా పది మందీ కేకు మీంచి తలెత్తి నా మోకాలు చూశారు. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు.

అక్టోబరు 16, సోమవారం

పిమ్‌కి పదింటికి. చెవిలో చుక్కల మందు, పది రోజులు, అంతే అట. హార్మెన్ కారులో కూర్చుని ఏడ్చాడు.

నాకు పదకొండున్నరకి. దిగనని సీటు పట్టుకుని కూర్చున్నాను. కుక్క దిగింది కదా పొరుగమ్మా అన్నాడు.

దిగాను.