సగం పేరుకు పలకను

లిమరిక్,
ఫిబ్రవరి, బ్రిజిడ్ సెలవు మర్నాడు

ప్రియమైన అమ్మా,

ఫోన్‌లో అయితే నువ్వు కట్ చేస్తావు. కాగితాన్ని కట్ చేయలేవు. చింపగలవు గానీ, చదవకుండా చింపవు. మందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీ కూడా చివరిదాకా చదివే మనిషివి. అందుకే ఈ ఉత్తరం. నాకు తెలుగు రాయడం నేర్పింది నువ్వే కాబట్టి ఈ కష్టం కూడా నువ్వే పడాలి.

అవును, లీక్స్‌లిప్ ఊళ్లో ఆ ఆఫీసు ఉద్యోగం మానేశాను. నన్నెవరూ తీసెయ్యలేదు. ఎవరితోనూ పోట్లాడలేదు. జీతం బాగుంది, కాంటీన్‌లో సూప్ బాగుంది, కుర్చీ మరీ బాగుంది. అంత బాగుండటంలో నాకు ఊపిరాడలేదు.

ఇక్కడ నేను చేరిన సంస్థ పేరు లిమరిక్ బ్లాక్ విమెన్స్ హెరిటేజ్. ఈ ఐరిష్ గడ్డకు వచ్చి బతికిన నల్లజాతి స్త్రీల ఫొటోలు, పాటలు, వంటలు, తలకట్లు, వాళ్ల గొంతుల్లోనే వాళ్ల కథలు, అన్నీ పోగుచేసి దాచడం మా పని. నడిపేది ఇద్దరు ఆడవాళ్లు. ఇఫెయోమా ఆంటీది నైజీరియా. అక్కడ లా చదివింది. ఇక్కడికొచ్చి ఏళ్ల తరబడి ఆఫీసులు తుడిచింది. ఆ ఏప్రన్‌ను ఉతికి, ఇస్త్రీ చేసి, అద్దాల ఫ్రేములో గోడకు తగిలించింది. పక్కనే లా డిగ్రీ. రెండింటికీ ఒకే సైజు ఫ్రేము. రెండో ఆవిడ రుడో, జింబాబ్వే మనిషి. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకునే కేరర్. నవ్వితే మెట్లు అదురుతాయి.

ప్రస్తుతానికి ఆంటీ నడిపే సరుకుల కొట్టు మీది గదుల్లో సంస్థ, నేనూ ఉన్నాం. దగ్గర్లోని పాత హాలు మాకు లీజుకు దొరికేలా ఉంది. ఒక్క చిన్న విషయం మాట్లాడాలి రమ్మన్నారు హాలు కమిటీవాళ్లు. అది దొరికితే ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు, శనివారం అందరికీ తలుపులు తెరుస్తాం. నువ్వు రావాలి. వచ్చేవాళ్లు తమ ఇంటి ఆడవాళ్ల ఫొటో తెచ్చి అతిథుల మూలన తగిలించవచ్చు. అమ్మమ్మ ఫొటో తెస్తావా?

ఇంకో ముచ్చట. కొట్టు ముందు కట్టడానికి పెద్ద బేనర్ రాస్తున్నాం. తమను ఏయే భాషల్లో ఏమంటారో ఆ మాటలన్నీ అందులో ఉండాలని రుడో కోరిక. "మీ భాషలో మమ్మల్ని ఏమంటారు?" అని నన్ను అడిగింది. మన చర్చి ఫెలోషిప్ భోజనాల దగ్గర మూతి తిప్పుతూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, అందంగా ఉండేది ఇద్దామని "చామనచాయ" అన్నాను. రుడోకి ఆ చప్పుడు తెగ నచ్చింది. చామన, చామన అని రోజంతా పాడుకుంది. పెద్ద అక్షరాలతో రాశాం.

నీ మొండి కూతురు,
ప్రెయిస్


ట్రలీ,
ఫిబ్రవరి నెలాఖరు

ప్రియ కుమార్తె ప్రెయిస్‌కు,

ప్రభువు కృప వలన ఇక్కడ మేము క్షేమము. అక్కడ నీ క్షేమము కొరకే మా ప్రార్థన.

ఇక అసలు సంగతికి వస్తాను. నీకేమైనా మతి పోయిందటే? మీ నాన్న నీ ఉత్తరం చదివి "చేతిరాత బాగుంది" అన్నాడు. ఆయనకు అంతవరకే అందింది. నాకు మాత్రం అన్నం దిగలేదు. అంత మంచి ఉద్యోగం కుర్చీ బాగుందని మానేసిందట! వార్డులో నా పక్కన పనిచేసే కేరళ అమ్మాయికి చెబితే నమ్మలేదు.

ఆ మనుషులు చెడ్డవాళ్లని నేననను. మా ఆసుపత్రిలోనూ ఉన్నారు, పనిలో బంగారాలు. కానీ వాళ్ల సంస్థ వాళ్లు నడుపుకుంటారు. మధ్యలో నువ్వెందుకు? మనం ఈ దేశానికి తల వంచుకుని వచ్చాం, పని చేసుకున్నాం, ఎవరి కంటా పడకుండా ఇల్లు కొనుక్కున్నాం. నువ్వేమో బేనర్లు కట్టుకుని రోడ్డెక్కుతానంటావు.

లీక్స్‌లిప్ రత్నకుమార్ గారు, అదే, ఈస్టర్ కూటాల్లో గిటార్ వాయించే మోజెస్ వాళ్ల నాన్న, నీ గురించి అడిగారు. అబ్బాయి చిప్ కంపెనీలో ఇంజనీరు. నీ బయోడేటా పంపించాను. చదువు రాశాను, ఎత్తు రాశాను, రంగు చామనచాయ అని రాశాను. పేపర్లో ఎండలో నిలబడ్డ ఫొటో ఏదైనా పడిందంటే నేను పంపిన బయోడేటా ఎందుకూ పనికిరాదు. టోపీ పెట్టుకో. నేను పంపిన క్రీము రాసుకుంటున్నావా, బాత్రూమ్ అల్మరాలో పారేశావా?

బేనర్ మీద మాట మాత్రం మర్యాదగా చెప్పావు. ఆ బుద్ధి మిగతా వాటిలోనూ ఉంటే బాగుండును.

అమ్మమ్మ ఫొటో ఇవ్వను. బతికినన్నాళ్లూ ఆమెను అందరూ రంగు కోసం తేరిపార చూసినవాళ్లే. చచ్చాక కూడా గోడకెక్కించి చూపించాలా? ఆ మాట ఇంకెత్తకు.

ఆ గది ఖాళీ చేసి వచ్చేయి. లేకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను.

నీ మేలు కోరే
అమ్మ


లిమరిక్,
మార్చి, పాట్రిక్ పండగ వారం

ప్రియమైన అమ్మా,

హాలు పోయింది. ఎలా పోయిందో విను.

కమిటీ సెక్రటరీ పేరు ఫింటన్. మంచివాడు, అదే బాధ. చెడ్డవాడైతే తేలిగ్గా ఉండేది. టీ పోశాడు, బిస్కెట్లు పెట్టాడు.

"అంతా గ్రాండ్. ఒక్క మాటే. బోర్డు మీద ఆ 'బ్లాక్' తీసేస్తే? లిమరిక్ విమెన్స్ హెరిటేజ్. అందరికీ తలుపులు తెరిచినట్టుంటుంది."

ఇఫెయోమా ఆంటీ చక్కెర కలుపుతూ, "ఇప్పుడు ఎవరికి మూసి ఉన్నాయి?" అంది.

"ఎవరికీ కాదు. కొంతమంది ఇబ్బంది పడతారేమోనని."

"వాళ్లను ఓసారి టీకి పిలువు, ఫింటన్. బిస్కెట్లు నేను తెస్తాను."

ఆయన ఎర్రబడ్డాడు. అంతలోనే ఏదో తట్టి ముఖం వెలిగింది. "పోనీ, ఐరిష్‌లో రాద్దామా? ఐరిష్‌లో మీ వాళ్లను గొరమ్ అంటారు. వినడానికి చాలా బాగుంటుంది."

"అంటే?" అంది రుడో.

"అంటే... నీలం."

రుడో తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "నీలమా? చలికేమైనా నీలబడ్డానా?"

"అబ్బే, నలుపు అనే మాట మనిషికి వాడితే పాత ఐరిష్‌లో సైతాను అని వస్తుంది. అందుకని మర్యాదకు..."

"మర్యాదకు నీలం పూశారు," అంది ఆంటీ. కప్పు కింద పెట్టింది. "ఫింటన్, నేనీ ఊళ్లో దిగినప్పుడు నా డిగ్రీ ఎవరికీ కనపడలేదు, ఈ రంగే కనపడింది. చేతికి తుడుపుగుడ్డ ఇచ్చేటప్పుడు కనిపించిన రంగు బోర్డు రాసేటప్పుడు కనపడకూడదా? పేరు మొత్తం రాస్తే హాలు తీసుకుంటాం. లేకపోతే నీ హాలు నువ్వే ఉంచుకో."

లేచి వచ్చేశాం. వచ్చేముందు రుడో రెండు బిస్కెట్లు జేబులో వేసుకుంది. "మాటకు ఒప్పుకోలేదు గానీ బిస్కెట్లతో నాకు తగువు లేదు" అంటూ.

మెట్లు రెండేసి చొప్పున దిగాను. భయంతో కాదమ్మా. లీక్స్‌లిప్‌లో అంతకాలం కూర్చుని ఒక్కసారి కూడా నేనలా లేచి రాలేదు. ఆ శనివారం కొట్టు వెనక పెరట్లోనే జరుపుతాం. వానొస్తే తడుస్తాం.

ఇప్పుడు నీ సంగతి. రంగు చామనచాయ? నా ముఖం నువ్వెప్పుడైనా చూశావా? నేను నల్లగా ఉంటాను. మామూలు నలుపు కాదు, బొగ్గుల కొట్టు నలుపు. ఉన్న రంగును చెరిపి లేని రంగు పూయడం ప్రేమ కాదు. ఫింటన్ కూడా నీలాగే మంచివాడు, నీలాగే మేలు కోరేవాడు. రత్నకుమార్ గారికి ఫోన్ చేసి ఉన్నది చెప్పు, లేకపోతే నేనే చెబుతాను. నీ క్రీముతో స్టౌ తుడిచాను, తళతళలాడుతోంది. గది ఖాళీ చేయను.

బేనర్ పూర్తయింది. ఫొటో పెడుతున్నాను. చామనచాయ ఎంత అందంగా వచ్చిందో చూడు.

వచ్చే గురువారం డబ్లిన్ వెళ్తున్నాను. అక్కడొక పెద్దావిడ ఉంది, చాలా ఏళ్లు అక్కడ మంత్రసానిగా పనిచేసిన ఘనా మనిషి. ఆమె గొంతు రికార్డు చేయాలి. రాత్రికి వచ్చేస్తాను. జవాబు రాయి, తిట్టయినా సరే.

నీ నల్ల కూతురు,
ప్రెయిస్


లిమరిక్, నీ గదిలోనే, నీ టేబుల్ దగ్గరే
గురువారం

ప్రియమైన ప్రెయిస్‌కు,

నువ్వు డబ్లిన్ నుంచి వచ్చేసరికి కొట్టు ముందు బేనర్ ఉండదు. దొంగలు పడలేదు. కంగారుపడి పోలీసులకు ఫోన్ చేయకు. నేనే తీయించాను.

జవాబు రాయలేదని కోపంగా ఉన్నావేమో. పొద్దున్నే బస్సెక్కి జవాబుగా నేనే వచ్చాను. రెండు ఖాళీ సంచులు తెచ్చాను, నీ బట్టలు సర్ది ఉంచి, నువ్వు రాగానే లాక్కుపోదామని. నువ్వు లేని రోజు చూసుకుని ఎందుకొచ్చానంటావా? నువ్వుంటే సర్దనివ్వవు గనక.

వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా అంత పొడుగు బేనర్. ఫొటోలో చూసినప్పుడు కోపమే వచ్చింది. ఎదురుగా చూస్తే నవ్వొచ్చింది. ఆ ఎత్తున, ఆ ఎర్ర రంగుతో, చామనచాయ! నవ్వాపుకోలేక కొట్టు మెట్ల మీద కూలబడ్డాను. పెద్ద తలకట్టు ఆవిడ పరుగున వచ్చింది. ఆమే రుడో.

"ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"నేను ప్రెయిస్ తల్లిని. ఆ తెలుగు మాటకు అర్థం ఏమని చెప్పింది మా పిల్ల?"

"అందమైన నల్ల ఛాయ అని."

"కాదు. మా దగ్గర నల్ల పిల్లకు పెళ్లి సంబంధం చూసేటప్పుడు కాగితం మీద పూసే రంగది."

"పౌడరా?"

"మాటల పౌడరు."

రుడో నవ్వింది. నువ్వన్నట్టే మెట్లు అదిరాయి. ఇఫెయోమా బయటికొచ్చింది, ఆమె నవ్వలేదు. నన్ను నిలబెట్టి అడిగింది: "మరి మీవాళ్లు నిజంగా మమ్మల్ని ఏమంటారు?"

చుట్టూ జనం. అయినా చెప్పాను. "నల్లోళ్లు అంటారు."

"అది తిట్టా?"

"అనేవాడి మూతిని బట్టి."

"బ్లాక్ కూడా అంతే," అంది. అప్పుడు నవ్వింది.

చూశావా, నన్ను అంత కడిగేశావు, బయోడేటాలో నేను రాసిన మాటనే నువ్వు వీధికెక్కించావు. ఫింటన్ నీలం పూశాడు, నేను చామనచాయ పూశాను, నువ్వు నా డబ్బాలోంచే తీసి వాళ్లకు పూశావు. రంగు మారిస్తే మర్యాద చేసినట్టని ముగ్గురమూ అనుకున్నాం.

లోపల టీ ఇచ్చారు. ఆ ఏప్రన్ చూశాను. ఒకే సైజు ఫ్రేము. దాని ముందు నిలబడితే మా అమ్మ గుర్తొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదు, వాళ్లకు చెప్పాను. అదీ నా ఇంగ్లీషులో.

మీ అమ్మమ్మ పేరు జీవరత్నం అని సమాధి మీద ఉంది. ఊళ్లో ఆమెను అలా ఎవరూ పిలవలేదు. నల్లరత్నం అనేవారు. చిలకలూరిపేటలో పొగాకు కంపెనీ షెడ్డులో గ్రేడింగు పని. ఆకును రంగు చూసి వేరుచేయాలి, పసుపు ఆకు పైకుప్పలోకి, నల్లబడ్డది కిందికుప్పలోకి. చిన్నప్పుడు నేనూ ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు మేస్త్రీ అందరి ముందూ "ఏయ్ నల్లదానా, నిన్ను ఏ కుప్పలో వెయ్యాలే?" అన్నాడు. అమ్మ తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాడు. పలకలేదు. మూడోసారి అరిచాడు. అప్పుడు ఆకు కింద పెట్టి లేచింది.

"నల్ల అన్నావు, బాగానే ఉంది, నల్లగానే ఉన్నాను. రత్నం ఏదీ? సగం పేరుకు నేను పలకను."

షెడ్డంతా ఆడవాళ్లు పని ఆపేశారు. ఆ మనిషి గొణుక్కుంటూ రెండూ కలిపి పిలిచాడు. పిలిచాకే ఆమె కూర్చుంది.

నేనేమో రత్నం అనే రెండో సగం ఉంచుకుని, నల్ల అనే మొదటి సగాన్ని సమాధిలో పెట్టాను.

ఇది విని ఇఫెయోమా తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. తర్వాత "ఆమె ఫొటో ఉందా?" అంది. ఇవ్వనని నీకు రాశాను గానీ, నా పర్సులో ఎప్పుడూ ఉంటుంది. "ఇది మీ గోడ, మీవాళ్ల చరిత్ర. మా అమ్మను మధ్యలో పెట్టడం మర్యాద కాదు," అన్నాను.

"గోడ మాదే. అందుకే మేకు ఎక్కడ కొట్టాలో మేం చెబుతాం," అంది. అతిథుల మూలన, తలుపు తీయగానే కనిపించేచోట కొట్టింది. కింద నా చేత్తో నల్లరత్నం అని రాశాను. పూర్తిగా.

ఆ తర్వాత రుడో బేనర్ దింపింది. చామనచాయ మీద తెల్లరంగు వేసింది. నేను తెలుగులో "నల్ల స్త్రీలు" అని రాశాను. ఇంత పెద్ద అక్షరాలు జీవితంలో ఎప్పుడూ రాయలేదు. "ల్ల" కింద ఒత్తు కాస్త వంకరపోయింది, వెక్కిరించకు.

రత్నకుమార్ గారికి ఇక్కడి నుంచే ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమంది రుడో, తెలుగు రాకపోయినా. "అన్నగారూ, బయోడేటాలో రంగు దగ్గర తప్పు పడింది. నలుపు అని దిద్దుకోండి," అన్నాను.

"అంత సూటిగా ఎందుకమ్మా? కలర్ కొంచెం తక్కువ అంటే సరిపోదూ?"

"తక్కువేం లేదండీ. కావలసినంత ఉంది."

మళ్లీ చేస్తానన్నారు. చేయరు. మోజెస్‌కు గిటార్ ఉందిగా.

శనివారానికి సెలవు పెట్టాను. మీ నాన్న కూడా వస్తాడు, బిర్యానీ గిన్నె మోయడానికి ఎవరో ఒకరు కావాలి. ఫెలోషిప్‌లో కూడా అందరికీ చెబుతాను. మూతి తిప్పేవాళ్లు తిప్పుతూనే రావచ్చు.

నీ బట్టలు సర్దలేదు, సాయంత్రం బస్సుకు ఒక్కదాన్నే వెళ్లిపోతున్నాను. నా ఖాళీ సంచుల నిండా ఇఫెయోమా ఏవో దుంపలు వేసింది. ఎలా వండాలో నువ్వే కనుక్కుని చెప్పు.

బేనర్ పెరట్లో తీగ మీద ఆరుతోంది. ఆత్రంగా పోయి ముట్టుకోకు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది.

సగం పేరుకు పలకని మనిషి కూతురు,
కృపావతి