బండ్లు బందైన మధ్యాహ్నం

సరోజా,

నువ్వు చనిపోయి ఏడాదైన ఈ రోజు బాగే ఆమ్ తోట లోపలికి పోయాను. నాంపల్లిలో రైలు దిగి, నిన్ను చూపించడానికి దవాఖానకు పోయి వచ్చిన ప్రతిసారీ దాని పక్కనుంచే నడిచాం. నువ్వు కంచె కమ్మీల సందుల్లోంచి చూస్తూ, "గింత గడ్డి మన బర్రెకుంటే ఎట్లుండు! జర సేపు కూసుందాం" అనేదానివి. "నాలుగు గంటల బండి పోతది. నడువ్ నడువ్" అనేవాణ్ని.

నిన్న బచ్చన్నపేట నుంచి టీచర్ల మీటింగుకు పట్నం వచ్చాను. తెలంగాణ కోసం బడులు మూసి నెల దాటింది. బస్సులు ముందే ఆగాయి, ఈ రోజు రైలు రోకో. నీకోసం పావుగంట దొరకని మనిషికి మధ్యాహ్నమంతా దొరికింది.

దస్తీ పరిచి కూర్చున్నాను. గడ్డి నువ్వు అనుకున్నంత మెత్తగా లేదు, గుచ్చుకుంటుంది. ఇక్కడ కూర్చుని నువ్వు ఏం చూద్దామనుకున్నావో ఒక్కసారీ అడగలేదు. అందుకే ఏం చూడాలో తెలియలేదు.

నాలుగయ్యేసరికి అలవాటుగా లేచి గేటు దాకా ఉరికాను. పల్లీలమ్మే అవ్వ నవ్వింది.

"యాడికి బిడ్డా? బండ్లన్నీ బందేనాయె. పోయి కూసో."

మళ్లీ వచ్చి కూర్చున్నాను. రాష్ట్రం వస్తుందని అందరితో పాటు నేనూ అరుస్తున్నాను. వస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

పొద్దు వాలాక కాపలాయన కర్రతో నేల తడుతూ వచ్చాడు. "గేటు మూస్తున్నం. నడువ్ నడువ్" అన్నాడు.

అచ్చం నేనన్నట్టే అన్నాడు. ఆ మాట వినేవాళ్లకు ఎట్లా ఉంటుందో నాకు ఇప్పుడు తెలిసింది, సరోజా.